అమెరికా షట్‌డౌన్, సైనికుల జీతాలు, మారిన సైనిక ప్రాధాన్యాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

2025 అక్టోబరు 1 నుంచి నవంబరు 12 వరకు, 43 రోజుల పాటు అమెరికా ప్రభుత్వంలో చాలా భాగం మూతపడింది. ఆ దేశ చరిత్రలో అంత పొడవైన షట్‌డౌన్ అంతకుముందు లేదు. అదే సమయంలో అక్కడి సైన్యం ఎటు చూడాలి, దేనికి ఖర్చు పెట్టాలి అన్న లెక్కలు కూడా మారుతూ వచ్చాయి. ఈ రెండింటినీ వార్తల్లో విడివిడిగా చెప్పారు. నిజానికి రెండూ ఒకే తగాదా: ఖజానా తాళం చెవి కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) చేతిలో ఉండాలా, అధ్యక్షుడి చేతిలో ఉండాలా?

షట్‌డౌన్ అంటే ప్రభుత్వం మొత్తం ఆగిపోతుందా?

ఆగదు. విమానాలను నడిపించే కంట్రోలర్లు, సరిహద్దు కాపలా, జైళ్ళ సిబ్బంది, సైన్యం డ్యూటీలోనే ఉంటారు. కానీ జీతం రాదు. మిగతావాళ్ళను జీతం లేకుండా ఇంటికి పంపుతారు, దీన్నే అక్కడ ఫర్లో అంటారు. 2025లో రెండు రకాలూ కలిపి సుమారు 14 లక్షల మంది ఫెడరల్ ఉద్యోగులకు జీతాలు నిలిచాయి. సోషల్ సెక్యూరిటీ పింఛన్లు, పోస్టాఫీసు మాత్రం మామూలుగా నడిచాయి. వాటి డబ్బుకు ఏటా కాంగ్రెస్ అనుమతి అక్కర్లేదు.

ఇంత పెద్ద దేశం ఇలాంటి ఇరుకులో ఎందుకు పడుతుంది?

చట్టం ఆమోదించకుండా ఖజానా నుంచి పైసా తీయకూడదని అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం చెబుతుంది. ఆమోదం లేకుండా ఖర్చుకు మాట ఇవ్వడం కూడా నేరమేనని 19వ శతాబ్దంలో వచ్చిన ఆంటీడెఫిషియెన్సీ చట్టం బిగించింది. అయినా వందేళ్ళ వరకు షట్‌డౌన్ అనేదే లేదు. బడ్జెట్ ఆలస్యమైతే, ఎలాగూ డబ్బు వస్తుంది కదా అని ఆఫీసులు కాస్త పొదుపుగా నడిచేవి. 1980లో కార్టర్ ప్రభుత్వంలో అటార్నీ జనరల్‌గా ఉన్న బెంజమిన్ సివిలెట్టి ఆ చట్టాన్ని అక్షరాలా చదివాడు: డబ్బు లేకపోతే పని ఆపాల్సిందే, ప్రాణాలకు, ఆస్తులకు ప్రమాదం ఉన్న పనులకే మినహాయింపు. అంటే ఈ తతంగమంతా రాజ్యాంగంలో రాసి ఉన్నది కాదు. ఒక అటార్నీ జనరల్ ఇచ్చిన అభిప్రాయంతో పుట్టింది.

ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. అప్పటికి 12 ఖర్చు బిల్లులు పాసవ్వాలి. అవన్నీ గడువులోపు పూర్తయిన చివరి సంవత్సరం 1996. అప్పటినుంచి ఏటా ‘కంటిన్యూయింగ్ రిజల్యూషన్’ అనే తాత్కాలిక బిల్లులతో నెట్టుకొస్తున్నారు. అదీ పాసవ్వకపోతే షట్‌డౌన్.

మన దగ్గర ఇలా ఎందుకు జరగదు?

మన దగ్గర లోక్‌సభలో ద్రవ్య వినిమయ బిల్లు ఓడితే ప్రభుత్వమే పడిపోతుంది. రాజ్యసభ 14 రోజులు ఆలస్యం చేయగలదు తప్ప ఆపలేదు. ఎన్నికల సంవత్సరం అయితే ఓటాన్ అకౌంట్ ఉండనే ఉంది. అమెరికాలో అధ్యక్షుడు, రెండు సభలు ఎవరికి వారే విడిగా ఎన్నికవుతారు. బిల్లు పాసవ్వకపోయినా ఎవరి కుర్చీ కదలదు. మొండిగా కూర్చోవడానికి అంతకంటే మంచి ఏర్పాటు ఏముంటుంది?

అయితే ఆంధ్రప్రదేశ్ వాళ్ళు దీని రుచి కొంచెం చూశారు. 2020 జూన్‌లో శాసనమండలి ద్రవ్య వినిమయ బిల్లును పాస్ చేయకుండానే నిరవధికంగా వాయిదా పడింది. అప్పుడు మండలిలో మెజారిటీ తెలుగుదేశానిది, ప్రభుత్వం వైఎస్సార్ కాంగ్రెస్‌ది. 14 రోజుల గడువు తీరి బిల్లు పాసైనట్టు లెక్క అయ్యేదాకా ఖజానా నుంచి డబ్బు తీసే వీలు లేక, జులై 1న రావలసిన ఉద్యోగుల జీతాలు ఆలస్యమయ్యాయి. మన రాజ్యాంగంలో ఆ 14 రోజుల నిబంధన ఉంది కాబట్టి గొడవ అక్కడితో తేలిపోయింది. వాషింగ్టన్‌లో అలాంటి గడియారం లేదు.

రెండు సభలూ, అధ్యక్ష పదవీ రిపబ్లికన్లవే కదా, మరి బిల్లు ఎందుకు ఆగింది?

ఎగువసభ అయిన సెనేట్‌లో చర్చను ముగించి ఓటింగ్‌కు వెళ్ళాలంటే 100లో 60 ఓట్లు కావాలి. ఫిలిబస్టర్ అంటే ఇదే. రిపబ్లికన్లకు ఉన్నవి 53. అందులో కెంటకీ సెనేటర్ రాండ్ పాల్ అప్పు పెరుగుతుందంటూ ఎదురు తిరిగాడు. అంటే అవతలి నుంచి ఎనిమిది మంది రావాలి. మొదట్లో ముగ్గురే వచ్చారు. నవంబరు 21 వరకు డబ్బు ఇచ్చే తాత్కాలిక బిల్లును ప్రతినిధుల సభ సెప్టెంబరు 19న పాస్ చేసి పంపింది. సెనేట్‌లో అది 14 సార్లు ఓటింగ్‌కు వచ్చి 14 సార్లూ 60 చేరలేదు.

ఈలోపు స్పీకర్ మైక్ జాన్సన్ ప్రతినిధుల సభను సమావేశపరచనే లేదు. మా పని మేం చేశాం, ఇక సెనేట్ చూసుకోవాలి అన్నది ఆయన వాదన. ఏడు వారాలకు పైగా ఆ సభ తలుపులు తెరుచుకోలేదు. ఫిలిబస్టర్‌నే ఎత్తిపారేయమని ట్రంప్ తన పార్టీకి చెప్పాడు. సెనేట్‌లో రిపబ్లికన్ల నాయకుడు జాన్ థూన్ ఒప్పుకోలేదు. రేపు తాము మైనారిటీలో పడితే ఆ కవచం తమకూ కావాలని వాళ్ళకు తెలుసు.

డెమొక్రాట్లు అడిగింది ఏమిటి? సైన్యం ఖర్చు గురించి కాదు కదా?

పైకి అడిగింది ఆరోగ్య బీమా సబ్సిడీలు. ఒబామాకేర్ కింద బీమా కొనుక్కునేవాళ్ళకు కోవిడ్ సమయంలో పెంచిన సాయం 2025 డిసెంబరుతో ముగుస్తోంది, దాన్ని పొడిగించాలి అన్నారు.

లోపల ఇంకో రెండు కారణాలున్నాయి. మొదటిది మార్చి 2025 అవమానం. అప్పుడు ఇలాంటి గడువే వస్తే, సెనేట్‌లో డెమొక్రాట్ల నాయకుడు చక్ షూమర్ షట్‌డౌన్ వద్దంటూ రిపబ్లికన్ బిల్లుకు దారి వదిలాడు. సొంత పార్టీ కార్యకర్తలు ఆయన్ని దులిపేశారు. రెండోసారి తలవంచే పరిస్థితి ఆయనకు లేదు.

రెండోది నమ్మకం. ఆగస్టులో ట్రంప్ ప్రభుత్వం, కాంగ్రెస్ ఇప్పటికే ఆమోదించిన విదేశీ సాయంలో 490 కోట్ల డాలర్లను ఆర్థిక సంవత్సరం చివర్లో రద్దు కోరుతూ నిలిపేసింది. కాంగ్రెస్ కాదనేలోపు గడువు దాటిపోతుంది, డబ్బు మురిగిపోతుంది. సెప్టెంబరు చివర్లో సుప్రీంకోర్టు దీనికి అడ్డు చెప్పలేదు. అలాంటప్పుడు బిల్లు మీద బేరమాడి ఏం లాభం? ఇవాళ ఒప్పుకున్నది రేపు వైట్‌హౌస్ బడ్జెట్ ఆఫీసు అధిపతి రస్సెల్ వోట్ ఆపేయొచ్చు. నా దృష్టిలో ఈ షట్‌డౌన్‌కు అసలు మూలం ఇదే. బీమా సబ్సిడీ జనానికి సులువుగా అర్థమయ్యే విషయం కాబట్టి దాన్ని ముందు పెట్టారు.

‘యుద్ధ శాఖ’ అని రాస్తున్నారు. రక్షణ శాఖ పేరు మారిందా?

2025 సెప్టెంబరు 5న ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వుతో ‘డిపార్ట్‌మెంట్ ఆఫ్ వార్’ అనేది రెండో పేరుగా వాడుకలోకి వచ్చింది. చట్టంలో పేరు మారాలంటే కాంగ్రెస్ మార్చాలి. ఇక్కడ పెంటగాన్ అనే రాస్తున్నాం, గొడవ ఉండదు.

షట్‌డౌన్‌లో సైన్యం పరిస్థితి ఏమిటి?

యూనిఫాంలో ఉన్న సుమారు 13 లక్షల మంది పూర్తికాలం సైనికులు విధుల్లోనే ఉంటారు. వాళ్ళకు రాజీనామా చేసే హక్కు లేదు, సమ్మె హక్కు లేదు. పెంటగాన్‌లో పనిచేసే ఏడు లక్షలకు పైగా పౌర ఉద్యోగుల్లో దాదాపు 3.3 లక్షల మందిని ఇంటికి పంపే ప్రణాళిక ముందే తయారైంది. చదువు ఫీజుల సాయం, చాలా బదిలీలు ఆగాయి. అద్దె, కిరాణా, కారు వాయిదా మాత్రం ఆగవు కదా. సైనిక స్థావరాల చుట్టూ ఉచిత సరుకులు ఇచ్చే చోట్ల క్యూలు పెరిగాయి. సైనికులకు సేవలందించే కొన్ని బ్యాంకులు వడ్డీ లేని అప్పులు ఇచ్చాయి.

విదేశాల్లో ఇంకా విచిత్రం. జర్మనీలోని అమెరికా స్థావరాల్లో పనిచేసే స్థానిక జర్మన్ ఉద్యోగుల అక్టోబరు జీతాలను జర్మనీ ప్రభుత్వమే ముందు కట్టింది. ప్రపంచానికి రక్షణ ఇస్తున్నామని చెప్పే దేశం, తన స్థావరాల్లో వంట, రిపేరు చేసేవాళ్ళ జీతానికి ఆతిథ్య దేశం మీద ఆధారపడింది.

మరి సైనికులకు జీతాలు అందాయని విన్నాం. డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది?

ఇక్కడ కొంచెం ఆగి వివరంగా చూడాలి.

అమెరికా సైనికులకు నెలకు రెండుసార్లు జీతం పడుతుంది. అక్టోబరు 15 మొదటి గండం. గత అనుభవం ప్రకారం ఇలాంటి తేదీ దగ్గరపడితే రెండు పార్టీలకూ టెన్షన్ పెరుగుతుంది, రాజీ కుదురుతుంది. సైనికుడి ఇంట్లో పొయ్యి వెలగలేదన్న వార్తను ఏ రాజకీయ నాయకుడూ తట్టుకోలేడు. 2013లో షట్‌డౌన్ మొదలయ్యే రాత్రే కాంగ్రెస్ సైనికుల జీతాలకు ప్రత్యేక చట్టం చేసి ఆ గండం తప్పించింది. 2025లో అలాంటి చట్టం రాలేదు.

దానికి బదులు అక్టోబరు 11న ట్రంప్, అందుబాటులో ఉన్న డబ్బంతా వాడి జీతాలు ఇవ్వమని తన రక్షణ మంత్రి పీట్ హెగ్‌సెత్‌ను ఆదేశించాడు. పెంటగాన్ పరిశోధన, అభివృద్ధి, పరీక్షల పద్దులో ఖర్చు కాకుండా మిగిలిన సుమారు 800 కోట్ల డాలర్లను చూపించింది. ఆ పద్దు రెండేళ్ళు చెల్లుతుంది కాబట్టి పాత సంవత్సరం డబ్బు ఇంకా బతికే ఉంది. 15వ తేదీన జీతాలు పడ్డాయి.

నెలాఖరుకు మళ్ళీ అదే సమస్య. ఈసారి మూడు చోట్ల నుంచి తీశారు: జులైలో పాసైన పన్నులు, ఖర్చుల భారీ బిల్లు ‘వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్’లో సైనికుల కోసం పెట్టిన నిధి నుంచి సుమారు 250 కోట్లు, ఆయుధాల కొనుగోలు నుంచి 140 కోట్లు, మళ్ళీ పరిశోధన నుంచి 140 కోట్ల డాలర్లు. కోస్ట్‌గార్డ్‌కు, సరిహద్దు, వలస విభాగాల్లోని పోలీసు సిబ్బందికి కూడా ఆ జులై బిల్లు డబ్బుతోనే జీతాలు సర్దారు.

విమానాల కంట్రోలర్లకు, ఎయిర్‌పోర్టు సెక్యూరిటీ వాళ్ళకు, పార్కుల సిబ్బందికి అలాంటి చెయ్యి అందలేదు. ప్రభుత్వం ఎవరిని ముందు పెట్టుకుందో చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన కాగితం అక్కర్లేదు.

అలా ఒక పద్దు డబ్బు ఇంకో పద్దుకు మార్చడం చట్టబద్ధమేనా?

డబ్బును ఏ పనికి ఇచ్చారో ఆ పనికే వాడాలని 1809 నుంచే అక్కడ చట్టం ఉంది. క్షిపణి పరిశోధనకు ఇచ్చిన డబ్బు జీతాలకు పనికిరాదని బడ్జెట్ చట్టాలు తెలిసినవాళ్ళు చాలామంది అన్నారు. జీతాలతో ‘సహేతుకమైన సంబంధం’ ఉన్న నిధులే వాడమన్నామని వైట్‌హౌస్ తన ఉత్తర్వులో రాసుకుంది. అంతర్యుద్ధ కాలంలో, 1861లో వచ్చిన ఒక పాత చట్టం అత్యవసరమైతే సైన్యానికి తిండి, బట్టలు, గుర్రాలకు మేత అప్పు మీద కొనుక్కోవచ్చంటుంది. ఇప్పటికీ అమల్లో ఉంది. అందులో కూడా జీతాల మాట లేదు.

అయినా కోర్టుకు ఎవరు వెళ్తారు? సైనికుల జీతం ఆపమని కేసు వేసే పార్టీ భూమ్మీద లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు. అందుకే ఇది తెలివైన ఎత్తు, ప్రమాదకరమైన ఎత్తు కూడా. జనం మెచ్చే పనికి గీత దాటితే ఆ గీత చెరిగిపోతుంది. రేపు జనం మెచ్చని పనికి దాటినప్పుడు చూపించడానికి గీతే మిగలదు.

ఇంకో ఫలితం కూడా ఉంది. సైనికుల జీతం అనే ఒత్తిడి తీరిపోవడంతో రాజీకి తొందర పోయింది. షట్‌డౌన్ అన్ని రోజులు సాగడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

ఒక అజ్ఞాత దాత 13 కోట్ల డాలర్లు ఇచ్చాడట, నిజమేనా?

నిజమే. పెంటగాన్ అంగీకరించింది. దాత పేరు ట్రంప్ చెప్పలేదు, ఆయన బిలియనీర్ టిమోతీ మెలన్ అని న్యూయార్క్ టైమ్స్ రాసింది. 13 కోట్లను 13 లక్షల మందికి పంచితే తలకు వంద డాలర్లు. ఒక పూట సరుకులకు వస్తాయి. సైన్యానికి జీతం ఇచ్చేది ప్రభుత్వమా, ఓ సంపన్నుడా అన్న ప్రశ్న మాత్రం ఆ వంద డాలర్లకన్నా పెద్దది.

సైనిక ప్రాధాన్యాలు మారాయంటున్నారు. ఏం మారింది?

షట్‌డౌన్‌కు ముందు పెంటగాన్ తన విభాగాలకు ఇచ్చిన మార్గదర్శకంలో, డబ్బు ఆగినా ఆగకూడని పనులను ఇలా చెప్పింది: దక్షిణ సరిహద్దు కాపలా, మధ్యప్రాచ్యంలో ఆపరేషన్లు, గోల్డెన్ డోమ్ క్షిపణి కవచం, డిపోల్లో ఆయుధాల మరమ్మతు, నౌకా నిర్మాణం, కీలక మందుగుండు. ఒక దేశం తన సైన్యం నుంచి నిజంగా ఏం కోరుకుంటోందో తెలియాలంటే ఉపన్యాసాలు వినడం కన్నా ఇలాంటి జాబితా చదవడం మేలు. మెక్సికో సరిహద్దు దానిలో మొట్టమొదట ఉంది.

2025 నుంచి ఏడేళ్ళ వెనక్కి వెళ్దాం. 2018లో ట్రంప్ మొదటి ప్రభుత్వమే, జేమ్స్ మాటిస్ రక్షణ మంత్రిగా ఉన్నప్పుడు, ఇక ఉగ్రవాదం కాదు, చైనా, రష్యాలతో పోటీయే మన ప్రధాన సమస్య అని రక్షణ వ్యూహంలో రాసింది. బైడెన్ ప్రభుత్వం 2022లో చైనాను ఇంకా గట్టిగా ముందు పెట్టింది. 2025కు వచ్చేసరికి చూపు ఇంటి వైపు తిరిగింది. ఫిబ్రవరిలో హెగ్‌సెత్ బడ్జెట్‌లో 8 శాతం, అంటే సుమారు 5,000 కోట్ల డాలర్లను పాత పనుల నుంచి తీసి కొత్త ప్రాధాన్యాలకు చూపించమన్నాడు. జూన్‌లో లాస్ ఏంజెలస్‌కు, ఆగస్టులో రాజధాని వాషింగ్టన్‌కు నేషనల్ గార్డ్ (రాష్ట్రాల స్థాయిలో ఉండే రిజర్వు సైన్యం) దళాలు వెళ్ళాయి. సెప్టెంబరు 2 నుంచి కరీబియన్‌లో, మాదకద్రవ్యాలు తెస్తున్నాయంటూ పడవల మీద సైనిక దాడులు మొదలయ్యాయి. అక్టోబరు 24న, అంటే షట్‌డౌన్ నడుస్తుండగానే, అతిపెద్ద విమానవాహక నౌక జెరాల్డ్ ఫోర్డ్‌ను మధ్యధరా నుంచి అటు పంపుతున్నట్టు ప్రకటించారు. డిసెంబరులో వచ్చిన జాతీయ భద్రతా వ్యూహం పశ్చిమార్ధగోళాన్ని ముందు వరుసలో పెట్టి, అమెరికా ఖండాల్లో బయటి శక్తులు వేలు పెట్టకూడదనే 1823 నాటి మన్రో సిద్ధాంతాన్ని పేరు పెట్టి మరీ గుర్తు చేసింది.

షట్‌డౌన్‌కు కొన్ని గంటల ముందు, సెప్టెంబరు 30న, వర్జీనియాలోని క్వాంటికోలో వందల మంది జనరల్స్‌ను, అడ్మిరల్స్‌ను ప్రపంచం నలుమూలల నుంచి పిలిపించారు. హెగ్‌సెత్ బరువు, గడ్డాలు, ఫిట్‌నెస్ పరీక్షల గురించి మాట్లాడాడు. ట్రంప్ దేశంలోపలి శత్రువు గురించి మాట్లాడుతూ, కొన్ని నగరాలను సైన్యానికి శిక్షణ స్థలాలుగా వాడొచ్చన్నాడు. ఆ రాత్రి పన్నెండు దాటగానే, ఆ గదిలో కూర్చున్న అందరి జీతాలకూ ఆమోదం లేకుండా పోయింది.

కొత్త ప్రాధాన్యాలకు షట్‌డౌన్ దెబ్బ తగల్లేదా?

పెద్దగా తగల్లేదు, దానికి కారణం జులై 4న సంతకమైన బిగ్ బ్యూటిఫుల్ బిల్. అందులో రక్షణకే సుమారు 15,000 కోట్ల డాలర్లు పెట్టారు. గోల్డెన్ డోమ్‌కు దాదాపు 2,500 కోట్లు, నౌకలకు ఇంకా ఎక్కువ. ఈ బిల్లును రీకన్సిలియేషన్ అనే పద్ధతిలో పాస్ చేశారు, దానికి సెనేట్‌లో సాధారణ మెజారిటీ చాలు. ఆ డబ్బు ఏటా వచ్చే ఖర్చు బిల్లుల మీద ఆధారపడదు. అంటే ప్రభుత్వానికి ఇష్టమైన సైనిక పనులకు షట్‌డౌన్ తగలని వేరే సంచి ముందే సిద్ధంగా ఉంది.

దెబ్బ తగిలింది మామూలు, పాత, ఎవరూ ఫొటో దిగని పనులకు. అణ్వాయుధాల బాధ్యత చూసే జాతీయ అణు భద్రతా సంస్థ అక్టోబరు 20న సుమారు 1,400 మంది ఉద్యోగులను ఇంటికి పంపింది. 2000లో ఆ సంస్థ మొదలైన తర్వాత ఇలా జరగడం అదే మొదటిసారి. అది ఇంధన శాఖ కింద ఉంది, పెంటగాన్ కింద కాదు.

కంటిన్యూయింగ్ రిజల్యూషన్ వస్తే సైన్యానికి సమస్య తీరినట్టేగా?

జీతాల వరకు తీరినట్టే. కానీ తాత్కాలిక బిల్లు కింద కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టకూడదు, ఉత్పత్తి పెంచకూడదు, నిరుటి లెక్క ప్రకారమే ఖర్చు పెట్టాలి. నిరుడు రెండు జలాంతర్గాములకు డబ్బు ఇచ్చి ఈసారి మూడు కావాలనుకుంటే, రెండింటి దగ్గరే ఆగాలి. 2025 ఆర్థిక సంవత్సరమంతా పెంటగాన్ కంటిన్యూయింగ్ రిజల్యూషన్ల మీదే నడిచింది, పూర్తి సంవత్సరం అలా నడవడం దానికి అదే మొదలు. చైనాతో పోటీ అని రెండు పార్టీలూ ప్రసంగాలు ఇస్తాయి, ఆ పోటీకి కావలసిన బడ్జెట్ మాత్రం సమయానికి ఇవ్వరు.

డిఫెన్స్ బిల్లు పాసైంది అని మధ్యలో వార్త వస్తుంది. అది ఏది?

అది ఎన్‌డీఏఏ (నేషనల్ డిఫెన్స్ ఆథరైజేషన్ యాక్ట్). ఇంత ఖర్చు పెట్టొచ్చు అని అనుమతి ఇస్తుంది, డబ్బు ఇవ్వదు. 2026 సంవత్సరానికి సుమారు 90,100 కోట్ల డాలర్లకు అనుమతిస్తూ డిసెంబరు 18న సంతకమైంది. డబ్బు ఇచ్చే రక్షణ ఖర్చు బిల్లు వేరు. షట్‌డౌన్ మధ్యలో, అక్టోబరు 16న, ఆ బిల్లును విడిగా ముందుకు తీసుకెళ్ళాలని థూన్ ప్రయత్నిస్తే సెనేట్‌లో 50-44తో ఆగిపోయింది. పెంటగాన్‌కు డబ్బు అందితే ఇక ఆరోగ్యం, విద్య బిల్లుల గురించి మాట్లాడే అవసరం రిపబ్లికన్లకు ఉండదని డెమొక్రాట్ల భయం.

సైన్యాన్ని, షట్‌డౌన్‌ను ఇలా ముడిపెట్టడం ఇదే మొదటిసారా?

కాదు. 2013లో, ఒబామాకేర్‌ను ఆపాలని రిపబ్లికన్లు 16 రోజులు ప్రభుత్వాన్ని మూయించినప్పుడు, యుద్ధంలో చనిపోయిన సైనికుల కుటుంబాలకు వెంటనే ఇచ్చే లక్ష డాలర్ల సాయం ఆగిపోయింది. అఫ్గానిస్తాన్ నుంచి శవపేటికలు వస్తున్న రోజులవి. దేశమంతా మండిపడింది. ఫిషర్ హౌస్ అనే స్వచ్ఛంద సంస్థ ముందుకొచ్చి తాను ఇస్తానంది, కాంగ్రెస్ హడావుడిగా చట్టం చేసింది.

2018-19లో 35 రోజుల షట్‌డౌన్ మెక్సికో గోడ కోసం. ట్రంప్ 570 కోట్ల డాలర్లు అడిగాడు, ఇవ్వలేదు. అప్పటికే పెంటగాన్ బడ్జెట్ పాసైపోయింది కాబట్టి సైనికులకు జీతాలు అందాయి. హోంల్యాండ్ సెక్యూరిటీ (అంతర్గత భద్రతా శాఖ) కింద ఉండే కోస్ట్‌గార్డ్ వాళ్ళకు మాత్రం 2019 జనవరి 15న జీతం పడలేదు. షట్‌డౌన్ ఓటమితో ముగిశాక ట్రంప్ జాతీయ ఎమర్జెన్సీ ప్రకటించి, సైనిక నిర్మాణాల డబ్బు 360 కోట్ల డాలర్లను గోడకు మళ్ళించాడు. స్థావరాల్లో స్కూళ్ళు, భవనాలు కట్టాల్సిన డబ్బు అది. 2025లో పద్దుల మార్పిడి చూసి ఆశ్చర్యపోయినవాళ్ళు 2019ని మర్చిపోయారు.

చివరికి ఎలా ముగిసింది? ఎవరు గెలిచారు?

రెండు చోట్ల నొప్పి భరించలేని స్థాయికి చేరింది. సుమారు 4.2 కోట్ల మందికి వచ్చే ఆహార సాయం నవంబరులో అటకెక్కి కోర్టుల చుట్టూ తిరిగింది. కంట్రోలర్లు డ్యూటీకి రాకపోవడంతో నవంబరు 7 నుంచి 40 పెద్ద విమానాశ్రయాల్లో విమానాలు తగ్గించారు. గమనించండి, సైన్యానికి ఒత్తిడి రాకుండా అడ్డుకట్ట వేస్తే అది పేదవాడి తిండికీ, విమాన ప్రయాణానికీ మళ్ళింది.

మధ్యలో నవంబరు 4 ఎన్నికల్లో డెమొక్రాట్లు న్యూజెర్సీ, వర్జీనియా గవర్నర్ పదవులు గెలిచారు. ఫెడరల్ ఉద్యోగులు కిక్కిరిసి ఉండే వర్జీనియాలో హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచింది. షట్‌డౌన్ తమకు నష్టం చేసిందని ట్రంపే అన్నాడు. అంత గాలి తమ వైపు వీస్తున్నా, అయిదు రోజులకే ఎనిమిది మంది అవతలి పక్షానికి ఓటేశారు: ఏడుగురు డెమొక్రాట్లు, వాళ్ళతో కూర్చునే స్వతంత్ర సభ్యుడు ఆంగస్ కింగ్. సెనేట్‌లో సరిగ్గా 60-40. ప్రతినిధుల సభలో 222-209. నవంబరు 12 రాత్రి ట్రంప్ సంతకం చేశాడు.

డెమొక్రాట్లకు దక్కింది: షట్‌డౌన్‌లో ఇచ్చిన తొలగింపు నోటీసుల రద్దు, ఆగిన జీతాల చెల్లింపు, సైనిక నిర్మాణాలు, మాజీ సైనికుల సంక్షేమంతో సహా మూడు బిల్లులకు పూర్తి సంవత్సరం డబ్బు, మిగతావాటికి జనవరి 30 దాకా పొడిగింపు. బీమా సబ్సిడీల మీద డిసెంబరులో ఓటింగ్ పెడతామన్న మాట. ఆ ఓటింగ్ పెట్టారు, 60 రాలేదు, సబ్సిడీలు డిసెంబరు 31తో పోయాయి. గెలిచింది ఎవరని ఖచ్చితంగా చెప్పమంటే వైట్‌హౌస్ బడ్జెట్ ఆఫీసు అంటాను. కాంగ్రెస్‌ను అడగకుండా ఎంత దూరం వెళ్ళొచ్చో అది పరీక్షించి చూసుకుంది.

ఎంత నష్టం జరిగింది?

ఆరు వారాల షట్‌డౌన్ వల్ల శాశ్వతంగా పోయే ఉత్పత్తి సుమారు 1,100 కోట్ల డాలర్లు ఉంటుందని కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసు అక్టోబరు చివర్లో అంచనా వేసింది. ఉద్యోగులకు పాత జీతాలు తర్వాత వచ్చాయి, 2019 చట్టం ప్రకారం ఇవ్వాలి కూడా. ప్రభుత్వ ఆఫీసుల్లో ఊడ్చే, వంట చేసే కాంట్రాక్టు కార్మికులకు అలాంటి హామీ లేదు.

భారత్‌తో రక్షణ సంబంధాలు ఆగాయా?

ఆగలేదు. అక్టోబరు 31న కౌలాలంపూర్‌లో రాజ్‌నాథ్ సింగ్, హెగ్‌సెత్ పదేళ్ళ రక్షణ ఒప్పందం మీద సంతకాలు చేశారు. నవంబరు 7న హెచ్‌ఏఎల్ తేజస్ కోసం 113 ఇంజిన్లకు జీఈతో ఒప్పందం చేసుకుంది. షట్‌డౌన్ ఇంకా ముగియకముందే, నవంబరు 10న గువామ్‌లో మలబార్ విన్యాసాలు మొదలయ్యాయి, మన తరఫున తూర్పు నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ సహ్యాద్రి వెళ్ళింది.

అమెరికాలో ఉన్న మన పిల్లల వీసాల సంగతి? మళ్ళీ షట్‌డౌన్ వస్తే హెచ్1బీ ఆగుతుందా?

కొంత ఆగుతుంది. ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్ ఫీజుల మీద నడుస్తుంది, అందుకే తెరిచే ఉంటుంది. కాన్సులేట్లూ అంతే, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌తో సహా. చిక్కంతా కార్మిక శాఖతో. హెచ్1బీ దరఖాస్తుకు ముందు కావలసిన ఎల్‌సీఏ, గ్రీన్‌కార్డుకు తొలి మెట్టయిన పెర్మ్, రెండూ ఆ శాఖే ఇవ్వాలి. 2025 అక్టోబరు 1న దాని ఆన్‌లైన్ వ్యవస్థ మూతపడి నెలాఖరులో తిరిగి తెరుచుకుంది. ఆ నెలలో కంపెనీ మారాలనుకున్నవాళ్ళు, ఎల్‌సీఏ లేకుండా ఎక్స్‌టెన్షన్ వేయలేనివాళ్ళు ఇరుక్కుపోయారు. 2018-19లో అలా జరగలేదు, అప్పుడు కార్మిక శాఖ బడ్జెట్ ముందే పాసైంది. కాబట్టి మళ్ళీ గడువు దగ్గరపడితే, ఆ 12 బిల్లుల్లో కార్మిక శాఖది పాసైందా లేదా అన్నది చూడండి. కాకపోతే, ఎల్‌సీఏ అవసరం ఉన్నవాళ్ళు గడువుకు కనీసం రెండు వారాల ముందే వేయించమని కంపెనీ లాయర్‌ను అడగాలి. దాని ఆమోదానికి మామూలు రోజుల్లోనే ఏడు పనిదినాలు పడుతుంది.